వాటికి మనూరే దుబాయి

వానకోయిల అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయన ఆ పిట్టని సరిగా చూసి వుండడని నా అనుమానం. అది కోయిల కాదు, కోయిలకి చుట్టమూ కాదు. పాట మాటకొస్తే, పనిమీద వున్న ఇల్లాలు తనలో తాను గొణుక్కున్నట్టు కిచకిచమనడం తప్ప గొంతెత్తి కూసింది లేదు. పోనీ వానతో వస్తుందా అంటే అదీ లేదు. వానలు వెనక్కి తగ్గి, చెరువులు నిండి, తంగేడు పూసి, బతుకమ్మలు పేర్చే రోజులొస్తేగాని మన వైపు కనిపించదు. చాతకపక్షిని కూడా వానకోయిల అంటారు. దానికైతే ఆ పేరు చెల్లుతుంది. అది నిజంగా కోయిల జాతిది, నిజంగా తొలకరితో వచ్చేది. ఈ చిన్నదానికి మాత్రం ఆ పేరు, అక్క రవిక చెల్లెలికి తొడిగినట్టు, కాస్త వదులుగానే వుంటుంది.

అయినా పేరుదేముంది లెండి. మన ఇళ్ళలో బంగారమ్మలందరి మెడల్లోనూ బంగారం వుందా!

మీరు ఈ పిట్టని చూడలేదని మాత్రం అనకండి. తప్పకుండా చూసే వుంటారు. దసరా మొదలు శ్రీరామనవమి దాకా ఏ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నా, కరెంటు తీగల మీద, దండేనికి క్లిప్పులు పెట్టినట్టు వరసగా కూర్చుని కనిపించేవి ఇవే. పిచ్చుకంత పిట్ట. వీపు నల్లగా వుంటుంది గాని ఎండ తగిలితే నీలంగా తళుక్కుమంటుంది. పట్టుచీరల్లో నెమలికంఠం రంగు చూశారా, ఆ మెరుపు. నుదుట, గొంతు కింద ఇటుక రంగు. పొట్ట తెలుపు. తోక కత్తెర తెరిచినట్టు రెండుగా చీలి, చివర రెండు సన్నని పోగులు వేలాడుతూ వుంటాయి. బరువు ఇరవై గ్రాములు అటూ ఇటూ. అంటే ఇప్పటి బంగారం కొట్ల లెక్కలో రెండు తులాలు. మనం పెళ్ళికి వేసుకెళ్ళే గొలుసంత బరువున్న ప్రాణి, వేల కిలోమీటర్లు రెక్కల మీద పోయి వస్తుందన్నమాట.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత తగాదా వుండదు. పాత గుళ్ళ గోపురాల చుట్టూ, కోటబురుజుల చుట్టూ సాయంత్రం పూట కీచుమంటూ గుంపులుగా గిరికీలు కొట్టేవి ఇవి కావు. వాటి జాతే వేరు. వాటి కాళ్ళు మరీ పొట్టివి. గోడకి వేలాడగలవే గాని తీగ మీద కూర్చోలేవు. కనక తీగ మీద తీరిగ్గా కూర్చుని తోక సవరించుకుంటూ వుంటే అది వానకోయిల. ఇంతకంటే పాండిత్యం అక్కర్లేదు.

మా నాన్నగారి ఉద్యోగం కారణంగా నా చిన్నతనం కొంత బోధన్‌లో గడిచింది. అక్కడ మా పక్కింటి ఖాలా వీటిని ‘అబాబీల్’ అనేది. మక్కా మీదికి ఏనుగులతో దండు వచ్చినప్పుడు పిట్టలు గుంపులుగా ఎగిరొచ్చి, గులకరాళ్ళు జారవిడిచి తరిమికొట్టాయన్న కథ ఖురానులో వుంది. అక్కడ ఆ మాటకి గుంపులు గుంపులుగా అని అర్థమట. వాడగా వాడగా ఉర్దూలో అది ఈ పిట్టకే పేరైపోయింది. మా వీధి పిల్లలు గులేరు పట్టుకుని బయల్దేరితే, “చెట్టు మీద వున్నదేదైనా కొట్టుకోండి, తీగ మీద వాటి జోలికి వెళ్ళారో చేతులు విరుస్తాను” అని ఖాలా గుమ్మంలోంచి కేకేసేది. చెట్టు మీద వున్నవి ఏం పాపం చేశాయో ఆవిడని ఎవరూ అడగలేదు.

అప్పట్లో బోధన్ అంటే చెరుకు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయితే, ఆ నీళ్ళ మీద పండే చెరుకుని నమ్ముకుని 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. దాని చుట్టూ ఏర్పడ్డ పేటకి శక్కర్‌నగర్ అని పేరు. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. క్రషింగ్ రోజుల్లో ఊరంతా మడ్డి వాసన. ఆరేసిన బట్టలకి, తల వెంట్రుకలకి, ఆఖరికి మజ్జిగకి కూడా ఆ వాసన పట్టేది. చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి వుండేవి.

ఆ రోజుల్లో సాయంత్రం పొద్దు గూకే వేళకి ఊరి చివర ఒక వేడుక జరిగేది. పగలంతా ఎక్కడెక్కడో పొలాల మీద తిరిగిన వానకోయిలలు వందలూ వేలూ ఒకచోటికి చేరేవి. ఆకాశంలో సుడిగాలి లేచినట్టు తిరిగేవి. తిరిగి తిరిగి, ఎవరో పైనుంచి గుప్పిళ్ళతో నువ్వులు చల్లినట్టు, ఒక్కపెట్టున చెరుకు తోటలోకి దిగిపోయేవి. అంతే, ఆకాశం ఖాళీ. తోట లోపలనుంచి కాసేపు గుసగుసలు, ‘జరుగు జరుగు’మని కొట్లాటలు, ఆ తర్వాత నిశ్శబ్దం. పెళ్ళివారి విడిదింట్లో పక్కలు పరుచుకున్నాక ఎలా వుంటుందో అచ్చం అలాగే. ఈ పిట్టలు మన దేశంలో వున్నన్నాళ్ళూ రాత్రి పడుకోవడానికి ఇలాంటి దట్టమైన చోటే వెతుక్కుంటాయి. అయితే చెరువుల్లోని జమ్ము, లేకపోతే చెరుకు. గడ సన్నం, ఆకు గరుకు. పిల్లో మరేదో పాకి వస్తే ఆకు కదిలి ముందే చెప్తుంది కాబోలు.

2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అంతకుముందే తగ్గుతూ వచ్చిన చెరుకు ఆ తర్వాత మరీ తగ్గి, వరీ సోయా వచ్చాయి. పిట్టలు ఎవరి మీదా కేసు వేయలేదు, ధర్నా చేయలేదు. చెరువుల్లో జమ్ము చూసుకున్నాయి. చెరుకునీ ఫ్యాక్టరీనీ నమ్ముకున్న మనుషులకి మాత్రం అంత తేలిగ్గా జమ్ము దొరకలేదు.

అసలు ఇవి వేసవిలో ఎక్కడికి పోతాయన్నది పూర్వం పెద్ద పెద్దవాళ్ళనే తికమక పెట్టింది. యూరప్ వాళ్ళకైతే తిరకాసు మరోలా. వాళ్ళ దగ్గర ఇవి చలికాలంలో మాయమవుతాయి. చెట్టు తొర్రల్లోనో బండ సందుల్లోనో ఈకలు రాల్చుకుని పడుకుంటాయన్నాడు గ్రీకు దేశపు అరిస్టాటిల్. చెరువు అడుగున బురదలో గుంపుగా ముడుచుకుని నిద్రపోతాయనీ, జాలర్ల వలల్లో చేపలతోబాటు పడుతూ వుంటాయనీ 1555లో స్వీడన్‌కి చెందిన ఒలౌస్ మాగ్నుస్ అనే మతగురువు రాశాడు. దాన్ని వింతగా వదిలేశారా అంటే, లేదు. లోకంలోని జీవరాశికంతటికీ శాస్త్రీయనామాలు పెట్టిన లిన్నేయస్ కూడా ఆ నీళ్ళ నిద్ర కథని నమ్మాడు! ఈ పిట్టకి ‘హిరుండో రస్టికా’ అని 1758లో నామకరణం చేసింది ఆయనే. బారసాల చేశారు గాని, బిడ్డ ఎక్కడ పడుకుంటుందో తెలుసుకోలేదన్నమాట.

ఆ చిక్కు విడదీసింది ఒక లాయరుగారు. ఇంగ్లండులో చీడిల్ అనే ఊళ్ళో జాన్ మేస్‌ఫీల్డ్ అని వుండేవాడు. 1911 మే నెలలో తన ఇంటి దగ్గర గూడు కట్టుకున్న వానకోయిలని పట్టుకుని, కాలికి అంకె వేసిన చిన్న రింగు తొడిగి వదిలేశాడు. ఏడాదిన్నర తర్వాత, 1912 డిసెంబరులో, ఆ రింగు పిట్ట దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో ఒక రైతు ఇంట్లో దొరికింది. తొమ్మిదివేల కిలోమీటర్ల పైమాటే. తొర్రలూ లేవు, బురదా లేదు. మన పిట్ట ఇంగ్లండులో కాపురం, ఆఫ్రికాలో చలికాలం గడుపుతోందని అప్పుడు తేలింది.

మన దగ్గరికి వచ్చేవి అక్కడివి కావు. హిమాలయాల నుంచీ, వాటికి అవతల మధ్య ఆసియా నుంచీ, సైబీరియా వైపు నుంచీ వస్తాయి. తూర్పున చైనా, జపానుల్లో గూళ్ళు పెట్టే వాళ్ళ చుట్టాలు థాయిలాండూ మలేషియా వైపు పోతాయి. బ్యాంకాక్‌లో సీలోం రోడ్డు అని పెద్ద వ్యాపార వీధి వుంది. ఒకప్పుడు చలికాలం రాత్రుళ్ళు ఆ వీధి తీగల మీద లక్షల్లో పడుకునేవని ప్రసిద్ధి. కింద నడిచేవాళ్ళకి గొడుగు తప్పేది కాదేమో, అది వేరే సంగతి.

గూడు పెట్టే దేశాల్లో దీనికి జరిగే మర్యాదలు ఇన్నీ అన్నీ కావు. ఎస్తోనియా అనే చిన్న దేశం దీన్ని జాతీయపక్షిని చేసుకుంది. జపానులో 1930లో నడిపిన పెద్ద ఎక్స్‌ప్రెస్ రైలుకి దీని పేరే, ‘త్సుబామే’ అని పెట్టుకున్నారు. మన హిమాలయ పట్టణాల బజార్లలో, నేపాల్‌లో అయితే ఏకంగా కొట్టు లోపల దూలానికే గూడు కడుతుంది. కింద బియ్యం బస్తాల మీద రెట్ట పడకుండా షావుకారు ఒక అట్టముక్కో పలకో కట్టుకుంటాడే గాని, గూడు మీద చెయ్యి వేయడు. అది వుంటే లక్ష్మి వున్నట్టని వాళ్ళ నమ్మకం. చిన్నప్పుడు ఇంగ్లీషు రీడర్‌లో ఆస్కార్ వైల్డ్ రాసిన ‘హ్యాపీ ప్రిన్స్’ కథ మనలో చాలామంది చదివే వుంటాం. బంగారు విగ్రహం కోసం ప్రయాణం మానుకుని చలికి చచ్చిపోయిన పిట్ట ఇదే. ఆ కథ వచ్చింది 1888లో. ఆ పాఠం చెప్తూ మా టీచరుగారు కళ్ళు తుడుచుకున్నారు. మేం బయటికొచ్చి, తీగ మీద అదే పిట్ట కూర్చుని వుంటే కన్నెత్తి చూడలేదు. అది మా పాఠంలో పిట్టని మాకెవరు చెప్పారు గనక!

మరి మన పాటల్లో చిలకకీ కోయిలకీ హంసకీ వేసిన పీట దీనికెందుకు వేయలేదూ అంటే, నాకు తోచే జవాబు ఒక్కటే. ఇది మన ఇంట్లో గూడు పెట్టదు. మనిషి మనసు తన చూరు కింద పిల్లల్ని పెట్టినదాని మీదికే పోతుంది. బతకడానికి వచ్చి, బతికి, వెళ్ళిపోయేవాళ్ళ మీద ఎవరు పాట కడతారు?

ఈ ముక్క నాకు తోచేలా చేసింది మా యారాలు.

మా అత్తగారిది ఏర్గట్ల. నిజామాబాదుకి బోధన్ ఒక పక్కయితే, ఇది రెండో పక్క. ఆర్మూరు దాటి, మోర్తాడు ప్రాంతంలో, గోదావరికి దగ్గరగా వుంటుంది. 2016లో మండలమైంది. పసుపు, మక్క, ఎర్రజొన్న, వరి పండే చోటు. ఇంకో పంట కూడా వుంది, దాని పేరు గల్ఫు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మా తెలంగాణలో ఒక మాట వుంది. పొలం పెట్టని తిండి వెతుక్కుంటూ మగవాళ్ళు పోయే మూడు దారులు. మా వైపు మూడోది ఎక్కువ. ఏ దేశం వెళ్ళినా దుబాయి పోయిండనే అంటారు. మా మరిది వుండేది సౌదీలో. 2010లో మొదటిసారి వెళ్ళాడు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. ‘గీ ఒక్క అగ్రిమెంటు అయిపోతే అచ్చేస్త’ అనడం అప్పటి నుంచీ ప్రతిసారీ అంటూనే వున్నాడు.

మొన్న దసరాకి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం మేడ మీద మక్కలు ఆరబోసి, నేనూ మా యారాలూ నీడలో కూర్చున్నాం. ఎదురుగా తీగల నిండా వానకోయిలలు. కొన్ని కిందికి దిగి, పక్క పొలంలో వరికోత మిషన్ వెనకాలే తిరుగుతున్నాయి. మిషన్ కదిలినప్పుడల్లా పైకి లేచే పురుగుల్ని గాలిలోనే పట్టుకుంటున్నాయి. నీళ్ళు కూడా ఆగి తాగవివి. చెరువు మీదుగా పోతూ పోతూ ముక్కుతో ఒక గీత గీసి అందుకుంటాయి.

“అక్కా, గీ పిట్టలు ఏడికెల్లి అస్తయి?” అనడిగింది.

ఉత్తరాన మంచుకొండల నుంచి, వాటి అవతల నుంచి అని చెప్పాను.

“అస్తే మల్ల గూడెందుకు పెట్టయి? ఆరేడేండ్ల సంది సూస్తున్న. ఒక్కటన్న గూడు పెట్టంగ సూడలె.”

“గూడు అక్కడే. గుడ్లూ పిల్లలూ అంతా అక్కడే. చలికాలంలో అక్కడ పురుగు దొరకదు. తిండికోసం ఇక్కడికొస్తాయి. ఎండలు ముదిరేసరికి మళ్ళీ ఇంటికి పోతాయి.”

ఆమె చేట ఒళ్ళో పెట్టుకుని కాసేపు తీగల వంక చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది.

“అంటే, వాటికి మనూరే దుబాయన్నట్టు!”

నేనూ నవ్వాను. కింద వాకిట్లోంచి మా అత్తమ్మ, “ఏందే గా నవ్వు? మీది మక్కలు కోతులెత్కపోతున్నయా?” అని అరిచింది. సంగతి చెప్తే ఆవిడకి నవ్వు రాలేదు. “ఎన్ని నెల్లుంటయి?” అని ఆరా తీసింది.

“ఏడు నెలలుంటాయత్తమ్మా.”

“అయితే ఇంటికాడ అయిదు నెల్లు,” మా యారాలు వేళ్ళ మీద లెక్క వేసింది. “మంచి వీసా దొరికింది పో వాటికి. మనోనికి రెండేండ్లకు రెండు నెల్లు.”

అని, అంతలోనే మళ్ళీ, “ఆడి పిట్ట గిట్ల ఇంటికాడనే ఉంటదా?” అనడిగింది.

“లేదు. ఆడా మగా రెండూ వస్తాయి.”

“ఇద్దరా?”

ఇంకేం అనలేదు. చేటలో మక్కలు చెరగడం మొదలెట్టింది. చెరిగినవే మళ్ళీ చెరిగింది.

మిగిలిన సంగతి నేను చెప్పలేదు. రెండూ వస్తాయన్న మాటేగాని, ఇక్కడ అవి జంటగా వుండవు. గుంపులో గుంపు, ఎవరి తిండి వారిది. తిరిగి వెళ్ళాక, మగది కొన్నాళ్ళు ముందు చేరుకుంటుంది. పోయినేడు గూడు పెట్టిన చూరు దగ్గరకే వస్తుంది. తర్వాత ఆడది వస్తుంది. రెండూ ప్రాణాలతో వుంటే చాలాసార్లు మళ్ళీ అదే జంట. రెండూ కలిసి బురద ముద్దలు ముక్కున కరుచుకొచ్చి, వెయ్యి దాకా ఉండలు పేర్చి గూడు కడతాయి. పాత గూడుంటే మరమ్మత్తు చేసుకుంటాయి. నాలుగైదు గుడ్లు, రెండు వారాల పొదుగుడు. పిల్లలు మూడు వారాలకి ఎగురుతాయి. ఆ మూడు వారాలూ తల్లీ తండ్రీ రోజుకి వందలసార్లు పురుగులు తెచ్చి నోళ్ళలో పెట్టాలి.

కాన్పు మాట వినేసరికి మా అత్తమ్మకి ఆసక్తి పుట్టింది. “కాన్పుకు తల్లిగారింటికి పోతదన్నట్టు,” అంది. కాదని చెప్పాల్సొచ్చింది. మగపిల్ల పెద్దయ్యాక సాధారణంగా పుట్టిన చోటికి దగ్గర్లోనే గూడు చూసుకుంటుంది. ఆడపిల్ల అంతకంటే దూరం పోయి స్థిరపడుతుంది. ఆపైన ఏటేటా ఆ చోటికే వస్తుంది. ఇది రింగులు వేసి లెక్కగట్టిన మాట.

“గంతే మరి,” అంది మా అత్తమ్మ పెదవి విరిచి. “పిట్టలల్ల గూడ ఆడిపిల్లనే పోవాలె.”

నాకు వీటి సంగతుల్లో అన్నిటికంటే ఇష్టమైనది వేరే వుంది. మగపిట్ట తోక పోగులు ఆడదానికంటే పొడుగు. డెన్మార్కు శాస్త్రవేత్త ఆండర్స్ మోలర్ 1988లో ఒక ప్రయోగం గురించి రాశాడు. కొన్ని మగపిట్టల తోకలు కత్తిరించి పొట్టి చేశాడు, ఆ ముక్కలు ఇంకొన్నిటి తోకలకి అతికించి పొడుగు చేశాడు. పొడుగు తోకవాళ్ళకి తొందరగా పెళ్ళిళ్ళయ్యాయి. పొట్టి తోకవాళ్ళు పాపం ఎదురుచూస్తూ కూర్చున్నారు. పెళ్ళిచూపుల్లో జీతమూ జుట్టూ చూసినట్టే తోక చూస్తారన్నమాట. ఇది చాలామంది చెప్పుకునే కథే. దానికి రెండో సగం వుంది. ఆ తోక పెరిగేదెక్కడ? గూటి దగ్గర కాదు. వానకోయిల ఈకలు మార్చుకునేది చలికాలపు మకాంలోనే. పాత ఈకలు ఒక్కొక్కటే రాలి, కొత్తవి మెల్లిగా వస్తాయి, నెలలు పడుతుంది. అంటే ఏ సైబీరియా చూరు కిందో పెళ్ళికూతుర్ని మెప్పించే తోక, మన ఏర్గట్ల వరిచేల మీద, మక్కచేల మీద, పశువుల వెనకాల పట్టిన పురుగులు తిని పెరిగిన తోక కావచ్చు!

ఈ మాట చెప్తే మా యారాలు వింతపడలేదు. “మరి? సెంటు బాటిల్లు, కంబళ్ళు, బంగారం ఎక్కడ కొంటరు, దుబాయిలనే గద,” అంది.

మా మరిది ఫోను చేసినప్పుడు ఈ పిట్టల ప్రస్తావన వచ్చింది. వీడియోలో తల ఊపి, “ఈడ గూడ కనవడ్తయి వదినా. ఎండలు తగ్గేటప్పుడోసారి, మల్ల మార్చి నెలల ఓసారి. మస్తుగ పోతయి, ఆగయి,” అన్నాడు. నిజమే. పశ్చిమ ఆసియా నుంచి, తూర్పు యూరప్ నుంచి ఆఫ్రికా పోయే వానకోయిలలకి అరేబియా ఎడారి దారి. ఆయన వుండే క్యాంపు మీదుగా ఎగిరేవి వేరు, మా మేడ ముందు తీగల మీద కూర్చునేవి వేరు. మా యారాలు మాత్రం రెండూ ఒకటే అని నిశ్చయించుకుంది. నేను కాదనలేదు.

తిరిగి చేరని పిట్టలూ ఎక్కువే. గూడు దాటి ఎగిరిన పిల్లల్లో పదింటికి ఏడెనిమిది మొదటి ఏడాది గడవకుండానే పోతాయి. తుపాను, ఎడారి, ఆకలి, పిట్టల్ని పట్టే డేగలు. ఈ మధ్య పురుగుమందులతో పురుగే కరువవుతోంది, అదొకటి. ఇవన్నీ దాటినా నాలుగేళ్ళు బతికితే పెద్ద బతుకు కింద లెక్క. మా ఊళ్ళో కూడా పెట్టెలో వచ్చినవాళ్ళు వున్నారు. ఆ ఇళ్ళ ముందు నుంచి నడిచేటప్పుడు మా యారాలు కొంగు భుజం చుట్టూ లాక్కుని, తల వంచుకుని గబగబా నడుస్తుంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పసుపు తవ్వి, కడాయిల్లో ఉడకబెట్టి కళ్ళాల్లో ఆరబోస్తారు. ఊరంతా ఆ ఘాటు. ఆ రోజుల్లో తీగల మీద పిట్టల తీరు మారుతుంది. ఒకచోట కుదురుగా కూర్చోవు. లేస్తాయి, గుంపుగా ఒక చుట్టు తిరుగుతాయి, మళ్ళీ వచ్చి వాలతాయి. ప్రయాణం పెట్టుకున్న మనిషి పెట్టె సర్దిందే సర్దినట్టు. పగటి పొడుగు పెరుగుతూంటే ఒంట్లో ఏదో కదులుతుందని శాస్త్రం. తర్వాత ఒక తెల్లారి చూస్తే తీగలు తీగల్లా వుంటాయి.

అప్పుడు కూడా ఊరు పూర్తిగా ఖాళీ కాదు. ఎటూ పోకుండా మన దగ్గరే వుండే వానకోయిలలు వేరే వున్నాయి. వాటిలో ఒకదానికి నడుము మీద ఇటుక రంగు పట్టీ వుంటుంది. ఎండాకాలంలో మొదలెట్టి వానల్లో దాకా గూడు పెడుతుంది. ఆ గూడు చూసి తీరాలి. ఒక్కొక్క బురద ఉండ అతికించి, పైకప్పుకి బోర్లించిన కూజాలాగా, పొడుగాటి మెడతో కడుతుంది. వంతెన కింద, గుడి మంటపంలో, ఇంటి వసారాలో, ఎక్కడైనా సరే.

మా మరిది కొత్త ఇల్లు 2017లో గృహప్రవేశం అయింది. రెండంతస్తులు, ముందు పోర్టికో, సింహం తలల గేటు. ఆ పోర్టికో స్లాబు కింద, లైటు పక్కన, మూడేళ్ళ కిందట ఒక జత ఇలాంటి గూడు కట్టింది. ఏటా వస్తాయి, పగిలినచోట మట్టి పెట్టుకుంటాయి, రెండు కాన్పులు చూసుకుంటాయి. ఉగాది తర్వాత ఇంటికి మళ్ళీ రంగు వేయించాలని మా మరిది డబ్బు పంపాడు. ఆయన వచ్చేది జూన్‌లో, అప్పటికి ఇల్లు కొత్తగా వుండాలని.

పెయింటరు నిచ్చెనెక్కి, గూడు గీకేస్తానన్నాడు. మా అత్తమ్మ వద్దంది. “గా మూల మచ్చలెక్క కనవడ్తది పెద్దమ్మా, సారు ఒప్పుకోడు,” అన్నాడతను. ఎటూ తేలక మా యారాలు సౌదీకి వీడియో కాల్ చేసి, ఫోను నిచ్చెన మీదికి అందించింది. నేను కింద నుంచుని చూస్తున్నాను. తెర మీద మా మరిది మొహం, వెనకాల రేకుల గది, పైన మూడంతస్తుల మంచాలు. పెయింటరు కెమెరా గూడు దగ్గరగా పెట్టాడు. సన్నని మట్టి మెడలోంచి ఒక ఇటుక రంగు తల బయటికొచ్చి చూసి, లోపలికి పోయింది.

“అండ్ల ఉన్నయానే?” అన్నాడు మా మరిది.

“ఉన్నయి. గుడ్లు పెట్టినయి కావచ్చు,” అంది మా యారాలు కింద నుంచి.

“ఇల్లు కట్టినకాంచి నేనెన్ని దినాలున్న దాంట్ల?”

మా యారాలు వేళ్ళ మీద లెక్క మొదలెట్టింది. నాలుగు సెలవులు, ఒకసారి మాత్రం నలభై రోజులే. మధ్యలో 2020, 21లో అసలు రానే లేదు. లెక్క ఇంకా తేలకముందే ఆయన పెయింటరుతో మాట్లాడాడు.

“అన్నా, గా గూడు సుట్టు ఒక జానెడు ఇడిశిపెట్టి ఎయ్యి.”

పెయింటరు పెన్సిలు తీసి, గూడు చుట్టూ గుండ్రంగా గీత గీసుకున్నాడు.